తువ్వాల కింద కుదిరిన వకీలు

మా మామ తన జన్మలో ఏ సరుకు ధరా నోటితో చెప్పగా నేను వినలేదు. ఆయనది ఆముదాల వ్యాపారం. అచ్చంపేటలో దుకాణం పెట్టి, చుట్టుపక్కల ఊళ్ల రైతుల దగ్గర ఆముదాలు కొని, పాలమూరు గంజ్‌లో, అంటే అక్కడి టోకు బజారులో అమ్మేవాడు. మహబూబ్‌నగర్ అని ప్రభుత్వం ఎన్ని బోర్డులు రాయించినా మావాళ్లకు అది పాలమూరే. ఆ గంజ్‌లో బేరాలన్నీ తువ్వాల కింద జరిగేవి. కొనేవాడు భుజం మీది తువ్వాల తీసి అమ్మేవాడి చేతి మీద కప్పేవాడు. ఆ గుడ్డ కింద ఒకరి వేళ్లు ఒకరు పట్టుకుని, నొక్కి, వదిలి, మళ్లీ పట్టుకుని ధర తేల్చుకునేవారు. ఎన్ని వేళ్లు పట్టుకుంటే అంత అంకె. వేలు సగం దాకా నిమిరితే అర. చేయి మీద తట్టితే బేరం కుదిరినట్టే, ఇక బ్రహ్మదేవుడు దిగివచ్చినా అది మారదు. చుట్టూ పదిమంది వ్యాపారులు నిలబడి చూస్తూనే ఉంటారు, ఎవడికీ ఏమీ తెలియదు.

ఇది గంజ్ వరకే ఉంటే నాకు పేచీ లేదు. మా మామ ఇంట్లో కూడా అంతే. మా అత్త ఒకసారి, కొత్తగా తెచ్చిన నారాయణపేట చీర ఎంత పడ్డదని అడిగిందట. ఆయన గుమ్మం వైపు ఒకసారి, కిటికీ వైపు ఒకసారి చూసి, భుజం మీది తువ్వాల తీశాడట. పెళ్లాంతో ఇదేం బేరమని ఆమె చాలాసేపు తిట్టింది గానీ చివరికి ఆ విద్య తనూ నేర్చుకుంది. గాజులమ్మే ఆమె ఇంటికొస్తే కొంగు కింద చేయి పట్టుకుని వేళ్లు నొక్కేది. పాపం ఆ గాజులామె, తనను గిల్లుతున్నారనుకుని కొన్నాళ్లు మా వీధికే రావడం మానేసింది.

ఆయన మా అమ్మకు తమ్ముడు. తరువాత నాకు పిల్లనిచ్చాడు కాబట్టి రెండు విధాలా మామే. నేను ఆ ఊరి బడిలో పంతులుగా ఉండేవాణ్ని. చదువుకున్నవాణ్ని కావడం వల్ల నాకు ఈ తువ్వాల వ్యవహారమంటే ఒళ్లు మండేది. ఆముదాల ధర పేపర్లో వేస్తున్నారు, రేడియోలో చెబుతున్నారు, ఇందులో దాచడానికేముందని ఆయనతో చాలాసార్లు వాదించాను. ఆయన ఓపిగ్గా వినేవాడు. వాదించేవాళ్లను పూర్తిగా మాట్లాడనిచ్చి, ఆ తరువాత తన పని తాను చేసుకోవడం ఆయన పద్ధతి. ఒక్కసారి మాత్రం జవాబిచ్చాడు.

"రేడియో చెప్పేది బజారు ధర. నేను కొన్నది నా ధర. నా ధర ఊరందరికి తెలిస్తె నాకింకేం మిగుల్తది అల్లుడా?"

అరవైల మొదట్లో ఒకరోజు సేల్స్ టాక్స్ ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. అది ఇంగ్లీషులో ఉంది కాబట్టి దాన్ని పట్టుకుని మామ నేరుగా బడికి వచ్చాడు. పిల్లలను ఎక్కాలు చదవమని, వరండాలో నిలబడి చదివి చెప్పాను. కిందటి సంవత్సరం కొన్న సరుకెంత, ఏ ధరకు కొన్నదీ, ఏ ధరకు అమ్మిందీ వివరాలతో పేషీకి, అంటే విచారణకు రావాలి. ఆ వివరాలు ఆఫీసరుకు నమ్మకంగా లేకపోతే ఆయన తనకు తోచినంత పన్ను వేస్తాడు, దుకాణం రిజిస్ట్రేషను రద్దు చేస్తాడు. కావాలంటే ఒక టాక్స్ వకీలును వెంట తెచ్చుకోవచ్చు.

పన్ను సంగతికి మామ పెద్దగా చలించలేదు. రద్దు అన్న మాట దగ్గరే ఆగిపోయాడు. అంటే ఏం చేస్తారని అడిగాడు. దుకాణానికి తాళం పడినట్టేనని చెప్పాను. ఆయన తువ్వాల కొసను వేలికి చుట్టుకుని విప్పాడు.

"సర్కారోడు తాళమేసిన సావుకారికి గంజ్‌ల ఎవడన్న చెయ్యిస్తడా? ఇగ నా తువ్వాల కింద ఎవడు పెడ్తడు చెయ్యి?" అన్నాడు.

నాకు అప్పటిదాకా నవ్వులాటగా ఉన్న విషయం ఆ మాటతో గుండెల్లో కలుక్కుమంది. గంజ్‌లో ఆయనకు ఉన్న ఆస్తి ఆ చేయే. రాతకోతలు లేకుండా, ఆ చేయి తట్టిందంటే చాలు బండ్లకు బండ్ల సరుకు కదిలేది. అది పోతే ఆయన దగ్గర మిగిలేది ఖాళీ గోనెసంచులే. ఆ రాత్రి జొన్నరొట్టె తుంచి పెట్టుకుని తినకుండా లేచాడని అత్త చెప్పింది. దాంతో వకీలును వెతికే బాధ్యత నేనే నెత్తిన వేసుకున్నాను.

మొదట దొరికినవాడు పాలమూరు కోర్టు దగ్గర పెద్ద పేరున్న మనిషి. నల్ల కోటు, తోలు సంచి, వెంట ఒక గుమాస్తా. మమ్మల్ని హోటలుకు తీసుకుపోయి చాయ్ చెప్పించాడు. మేము అడగకముందే తన ప్రతాపం మొదలుపెట్టాడు. ఫలానా నూనె మిల్లు వాళ్ల వ్యవహారం ఎట్లా చక్కబెట్టాడో, ఫలానా బట్టల దుకాణం వాళ్లు ఎంత దాచారో, దాన్ని తనెట్లా కప్పిపుచ్చాడో, పేరు పేరునా, ఊరు ఊరునా చెప్పుకుంటూ పోయాడు. నేను మురిసిపోయి, దొరికాడు మన మనిషి అన్నట్టు మామను మోకాలితో పొడిచాను. మామ సాసర్లో పోసుకున్న చాయ్‌ని అట్లాగే వదిలేసి లేచి నిలబడ్డాడు, బస్సుకు టైమయిందన్నాడు. నిజానికి బస్సుకు చాలా టైముంది. ఆ ఎండలో బస్టాండు రేకుల కింద కూర్చున్నాక, ఏం తప్పు చేశాడాయన అని కోపంగా అడిగాను.

"వాళ్ల ముచ్చట మనకు చెప్పినోడు మన ముచ్చట ఎవలకు చెప్పడు?" అన్నాడు మామ.

ఆ మాట నిజమే. నిజం కావడం వల్ల నా కోపం ఇంకాస్త పెరిగింది.

రెండోసారి, నోరు విప్పని మనిషే కావాలని పట్టుబట్టి, ఒక ముసలి మున్షీ సాబ్‌ను మామే కనిపెట్టాడు. పాత సర్కారు దఫ్తరులో చాలాకాలం పనిచేసినవాడు. తెల్లని షేర్వాణీ, చక్కగా దువ్విన గడ్డం. మసీదు పక్క గల్లీలో ఇంటి అరుగు మీద కూర్చుని అర్జీలు రాసేవాడు. ఆయన ఎవరి గురించీ ఒక్క మాట అనలేదు, అసలు మాటే మాట్లాడలేదు. మామ మొహం విప్పారింది. ఆ తరువాత తెలిసింది, మున్షీ సాబ్‌కు చెవులు వినపడవు. మామ ఆయన చెవి దగ్గరికి వంగి తన పేరు గుసగుసగా చెప్పాడు. ఆయన చేయి చెవికి ఆనించుకుని జర గట్టిగా చెప్పమన్నాడు. మామ కొంచెం గట్టిగా చెప్పాడు, ఆయన ఇంకొంచెం గట్టిగా అన్నాడు. చివరికి మామ అరిచి చెప్పిన పేరును, సరిగా విన్నానా లేదా అని మున్షీ సాబ్ అంతకంటే పెద్ద గొంతుతో తిరిగి అప్పజెప్పాడు. గల్లీలో మాంసం కొట్టేవాడు కత్తి ఆపి మా వైపు చూశాడు. పేరుకే ఇంత దండోరా అయితే ధరకు ఏమవుతుందోనని భయపడి, మామ ఆయనకు రెండు చేతులతో సలాం చేసి బయటపడ్డాడు. మాంసం కొట్టేవాడు మాత్రం ఆ తరువాత ఎప్పుడు కనపడినా మామను పేరు పెట్టి పలకరించేవాడు.

పేషీ దగ్గర పడింది. అప్పుడు బస్సులో ఒక తోటి పంతులు చెప్పాడు, పాలమూరులో సైకిల్ షాపు పైన గది కిరాయికి తీసుకుని ఎవరో కొత్త టాక్స్ వకీలు దిగాడని. కృష్ణకు ఆవలి నుంచి వచ్చిన కుర్రవాడట. మేము మెట్లెక్కి పోయేసరికి బోర్డు మీది రంగు ఇంకా పచ్చిగానే ఉంది. వకీలు లేచి, కుర్చీలు తుడిచి, కూర్చోండి కూర్చోండి అని కంగారుపడ్డాడు. బల్ల మీద కొత్త టైపు మిషనూ, తెల్ల కాగితాలూ తప్ప ఒక్క ఫైలు లేదు. ఆ గదికి వచ్చిన మొదటి మనుషులం మేమేనని చూడగానే అర్థమైంది. ఆయన లోపలికి పోయి మంచినీళ్లు తెచ్చేలోపు నేను మామతో, అనుభవం లేనివాడు, ఈ ఊళ్లో ఒక్కడు కూడా ఈయనను ఎరగడు, పోదాం పద అన్నాను.

"అందుకే మంచిది. ఈయనకు ఈ ఊర్ల ఎవలు తెల్వదు. మన ముచ్చట ఎవలకు చెప్తడు?" అన్నాడు మామ. ఆయన ముఖంలో చాలా రోజుల తరువాత వెలుగు కనిపించింది.

వకీలు ఎదురుగా కూర్చుని, చెప్పండి షావుకారు గారూ అన్నాడు. మామ ముందు ఫీజు తేలాలన్నాడు. వకీలు మొహమాటపడి, దానిదేముందండీ అని నసిగాడు. మామ భుజం మీది తువ్వాల తీసి ఆయన చేతి మీద కప్పి, కింద నుంచి చేయి పోనిచ్చాడు. వకీలు ఉలిక్కిపడ్డాడు. కానీ పెద్దమనిషి చేయి లాక్కోవడం మర్యాద కాదనుకున్నాడో ఏమో, నిమ్మళంగా కూర్చున్నాడు. మామ కళ్లు అరమోడ్చి ఆయన వేళ్లు ఒకటొకటిగా తడుముతున్నాడు. వకీలు నా వైపు చూసి నవ్వి, గుడ్డ కింద అరచేయి పైకి తిప్పాడట. ఆ సంగతి మామ తరువాత చెప్పాడు.

"నాకు ప్రాక్టీసు ఎలా ఉంటుందంటారండీ?" అని అడిగాడు వకీలు, చాలా ఆశగా.

గుడ్డ కప్పి హస్తరేఖలు చూసే జోస్యం మా వైపు ఉందనుకున్నాడు ఆయన. మామకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. ప్రాక్టీసు బాగుంటదని మర్యాదకు అన్నాడు. వకీలు సంతోషం పట్టలేక మామ చేతిని రెండోచేత్తో తట్టాడు. అంతే, బేరం కుదిరిపోయింది. మామ తువ్వాల దులిపి భుజాన వేసుకుని మెట్లు దిగాడు.

నేను మళ్లీ పైకి పోయి ఆ కుర్రవాడికి జరిగింది వివరించాల్సి వచ్చింది. అయ్యా, అది జోస్యం కాదు, మీ ఫీజు కుదిరింది, మీరు చేయి తట్టి ఒప్పుకున్నారు అని చెప్పాను. ఆయన ముఖం పాలిపోయింది.

"ఎంతకు ఒప్పుకున్నానండీ?" అన్నాడు.

నాకేం తెలుసు, చేయి మీది కదా అన్నాను.

ఆ తరువాతి వారం లెక్కలు పట్టుకుని మళ్లీ వెళ్లాం. మామ పుస్తకం చాలా శుభ్రంగా ఉండేది. రైతు పేరు, ఊరు, బస్తాలు, తారీఖు, అన్నీ ఉంటాయి. ధర రాయాల్సిన గడి మాత్రం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఖాళీ. పుస్తకమన్నాక ఎవరైనా తెరుస్తారు కదా అని ఆయన వాదన. ధరలన్నీ ఆయన తలలో ఉన్నాయి. తలలో ఉన్నది నోట్లోకి రాదు, చేతిలోకే వస్తుంది. కాబట్టి వకీలుకు చేతి భాష నేర్పడానికి మామే కూర్చున్నాడు. ఏ వేలికి ఏ అంకె, అర ఎట్లా, పావు ఎట్లా, అన్నీ ఓపిగ్గా చెప్పాడు. ఇక ఆ మధ్యాహ్నమంతా ఇద్దరూ తువ్వాల కింద చేతులు పట్టుకుని కూర్చున్నారు. మామ ఒక పేరు మీద వేలు పెట్టడం, గుడ్డ కింద నొక్కడం, వకీలు ఎడమ చేత్తో కష్టపడి రాసుకోవడం. నన్ను కిటికీ దగ్గర కూర్చోమని, కాగితం వైపు చూడొద్దన్నారు. మధ్యలో కిరాయి కోసం పైకొచ్చిన సైకిల్ షాపు యజమాని, కళ్లు మూసుకుని చేతులు పట్టుకున్న ఆ ఇద్దరినీ గుమ్మంలోంచి చూశాడు. కిరాయి సంగతి ఎత్తకుండానే వెనక్కి దిగిపోయాడు.

మామ అన్నీ నేర్పాడు గానీ ఒక్కటి నేర్పలేదు. వేలు అంకె చెబుతుంది, ఆ అంకె పదులా వందలా అన్నది చెప్పదు. అది సరుకును బట్టి ఇద్దరికీ తెలిసే ఉంటుంది. గంజ్‌లో పుట్టి పెరిగిన మనిషికి, ఆ సంగతి ఒకరికి విడిగా చెప్పాల్సి వస్తుందని తట్టనే తట్టలేదు. వకీలు పుట్టిన చోట వరి తెలుసు, పొగాకు తెలుసు. ఆముదమంటే ఆయనకు తెలిసింది తలకు రాసుకునేదే. మనిషి అంత రహస్యంగా చెబుతున్నాడంటే అది చాలా ఖరీదైన సరుకే అయి ఉంటుందని ఆయన మంచి మనసుతో అనుకున్నాడు. అనుకుని, పదులున్నచోటల్లా వందలు వేసి, ఇంగ్లీషులో అందంగా టైపు చేసి, కవరు అంటించి ఆఫీసులో ఇచ్చేశాడు. అల్లుడికైనా చూపించొద్దని మామ ఒట్టు వేయించుకున్నాడు కాబట్టి నా కంట పడనే లేదు.

పేషీ రోజు ఆఫీసు హాలు నిండుగా ఉంది. గోడ పక్క బెంచీల మీద గంజ్ వ్యాపారులంతా తమ వంతు కోసం కూర్చున్నారు. వాళ్లలో కల్వకుర్తి వైపు నుంచి వచ్చిన ఒక లావాటి ఆసామి ఉన్నాడు. ఆయనకూ మా మామకూ ఏళ్ల తరబడి పడదు. ఒకరు చేయి వేసిన సరుకు మీద రెండోవారు ఎక్కువ పాడటం, ఎదురుపడితే మొహాలు తిప్పుకోవడం. మామ ధర తెలుసుకోవడానికి ఆ ఆసామి ఏం ఇవ్వమన్నా ఇస్తాడని గంజ్‌లో అనుకునేవారు. సరిగ్గా ఆయన ఎదురుగానే మమ్మల్ని కూర్చోబెట్టారు.

ఆఫీసరు కాగితం తిరగేశాడు. మొదట నవ్వాడు. తరువాత నవ్వు ఆపి కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

"ఇవి ఆముదాలా, ముత్యాలా?" అన్నాడు.

ఈ లెక్క ప్రకారం అచ్చంపేట దుకాణం హైదరాబాదు మిల్లులన్నిటినీ కలిపి కొనగలదని, ఇది నిజమైతే ఇన్నాళ్లు పన్ను ఎగ్గొట్టినట్టు, అబద్ధమైతే ప్రభుత్వాన్ని ఎగతాళి చేసినట్టని, ఏదైనా తనకు అభ్యంతరం లేదని అన్నాడు. వకీలుకు చెమటలు పట్టాయి. వేళ్ల సంగతి, తువ్వాల సంగతి తడబడుతూ చెప్పుకొచ్చాడు. బెంచీల మీద దగ్గులు వినపడ్డాయి. ఆఫీసరు పెన్ను తీసి, వేళ్లూ గీళ్లూ తనకు తెలియవని, ఏ ధరకు కొన్నాడో మనిషి నోటితో తన ముందు చెప్పాలని, చెప్పకపోతే ఈ కాగితాన్నే ఖాయం చేసి రిజిస్ట్రేషను కొట్టేస్తానని తేల్చేశాడు.

మామ చేయి అలవాటుగా భుజం మీదికి పోయింది. తువ్వాల కొస పట్టుకుని బల్ల మీదున్న ఆఫీసరు చేతి వైపు చూశాడు. ఆ చేతిలో పెన్ను ఉంది, వేలికి ఉంగరం ఉంది. మామ చేయి మెల్లగా కిందికి దిగింది. బెంచీల వైపు ఒకసారి, తలుపు వైపు ఒకసారి చూశాడు. నాకు ఆఫీసరు మీద, మామ మీద, ఆ తువ్వాల మీద, దాన్ని కనిపెట్టినవాడి మీద ఒకేసారి కోపం వచ్చింది. ఒక్క మాట అంటే దుకాణం మిగులుతుంది కదా మామా అని అరవాలనిపించింది. ఆ ఒక్క మాట కోసం బెంచీల మీద అన్ని చెవులు ఉన్నాయని కూడా అప్పుడే కనిపించింది. అంటే ఒక రకంగా పోతాడు, అనకపోతే ఇంకో రకంగా పోతాడు. మా మామను అంత ఒంటరిగా నేను ఎన్నడూ చూడలేదు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

అప్పుడు ఆ కల్వకుర్తి ఆసామి లేచాడు. ధోవతి దులుపుకున్నాడు. ఎవరి వైపూ చూడకుండా, "జర బీడి తాగొస్త" అని చెప్పులు వేసుకుని బయటికి నడిచాడు. ఆయన వెనక పక్కవాడు లేచాడు. ఆ వెనక ఇంకొకరు. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఒకాయనకు కాలు తిమ్మిరెక్కి కుంటుతూ పోయాడు. బెంచీలన్నీ ఖాళీ అయ్యాయి. గంజ్ పక్క గల్లీలోనే పుట్టిన ఆఫీసు చప్రాసీ కూడా, నిండుగా ఉన్న నీళ్ల కూజాను ఎత్తుకుని నీళ్లు తెస్తానని వెళ్లిపోయాడు.

నేను ఎప్పుడు లేచానో నాకు తెలియదు. చూసుకునేసరికి వరండాలో వాళ్ల మధ్య నిలబడి ఉన్నాను. ఇన్నేళ్లు ఆ తువ్వాలను ఎగతాళి చేసిన నా కాళ్లు నన్ను అడగకుండానే బయటికి తెచ్చాయి. కల్వకుర్తి ఆసామి తలుపు వైపు వీపు పెట్టి నిలబడి, ఈ ఏడు వానల గురించి పెద్ద గొంతుతో మొదలుపెట్టాడు. మిగతావాళ్లు అందుకున్నారు. ఎడ్ల గురించి, రోడ్డు గురించి, కందిపప్పు గురించి అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. లోపలి గొంతు బయటికి వినపడకుండా ఉండటానికే అదంతా అని అర్థమై, నేనూ గొంతెత్తి మా బడి పైకప్పు కారడం గురించి ఎవరికో గట్టిగా చెప్పాను. ఆయన అంతకంటే గట్టిగా అవునన్నాడు.

ఆ గోలలో పక్కకు తిరిగి చూస్తే మా వకీలు నిలబడి ఉన్నాడు.

నాకు మతిపోయింది. మిమ్మల్ని పెట్టుకుందే లోపల ఉండటానికి కదా, మీరెందుకు బయటికొచ్చారని అడిగాను.

"అందరూ లేచి వస్తుంటే కూర్చోబుద్ధి కాలేదండీ" అన్నాడు ఆయన. నుదురు తుడుచుకుని, "అయినా ఫీజెంతో కూడా తెలియదు కదండీ" అని గొణిగాడు.

కాసేపటికి మామ బయటికి వచ్చాడు. పన్ను పీకించుకుని వచ్చినవాడిలా దవడ పట్టుకుని ఉన్నాడు. అందరి మాటలూ ఒక్కసారిగా ఆగాయి. నేను దగ్గరికి పోయాను.

"చెప్పిన అల్లుడా. నోటితోటే చెప్పిన" అన్నాడు నెమ్మదిగా.

ఆఫీసరు ఆ కాగితం పక్కనపెట్టి, సరైన లెక్క టైపు చేసి తెమ్మన్నాడట. న్యాయంగా పడే పన్ను కడితే చాలునన్నాడట. దుకాణం దుకాణంగానే ఉంటుంది. ఇంత చిన్న మాటకు ఇంత తతంగమెందుకని కూడా అడిగాడట. దానికి మామ ఏం జవాబిచ్చాడో చెప్పలేదు. కల్వకుర్తి ఆసామి వచ్చి ఆయన చేతిలో ఒక బీడీ పెట్టాడు. మామకు బీడీ అలవాటు లేదు. అయినా తీసుకుని, ముట్టించకుండా ఊరు చేరేదాకా వేళ్ల మధ్య పట్టుకునే కూర్చున్నాడు. మరుసటి వారం గంజ్‌లో ఆ ఇద్దరూ మళ్లీ ఒకరి సరుకు మీద ఒకరు పాడుకుని మొహాలు తిప్పుకున్నారని విని నాకు ప్రాణం కుదుటపడింది.

కొత్త లెక్క తయారయ్యాక ఫీజు ఇచ్చే రోజు వచ్చింది. వకీలు చేసిన తప్పుకు మామ ఎంతో కొంత కోత పెడతాడని నేను అనుకున్నాను. ఆయన నన్ను కిటికీ వైపు తిరగమని, డబ్బు మొత్తం తువ్వాల చాటున వకీలు చేతిలో పెట్టాడు. నోట్లు లెక్కపెట్టిన చప్పుడు వినపడింది.

"ఇంతకు ఒప్పుకున్నానా అండీ నేను?" అంది వకీలు గొంతు.

ఒప్పుకున్నరు, చెయ్యి తట్టిండ్రు అన్నాడు మామ. వకీలు గొంతులో ఉన్నది సంతోషమో, దుఃఖమో కనిపెడదామని నేను తిరిగి చూసేసరికి, ఆయన మొహం టైపు మిషను వెనక దాక్కుని ఉంది. మెట్లు దిగుతూ మామను పట్టుకుని నిలదీశాను. లెక్క తప్పు రాసి ప్రాణం మీదికి తెచ్చిన మనిషికి, పేషీ నడుస్తుంటే వదిలేసి బయటికొచ్చిన మనిషికి పూర్తి ఫీజు ఎందుకన్నాను.

"అంకె తప్పు రాసుడు ఎవడన్న చేస్తడు. మందితోటి లేచి బయటికొచ్చిండు సూడు, ఆ పనికి ఇచ్చిన" అన్నాడు.

గంజ్ కూడా అదే లెక్క వేసింది. నెల తిరక్కుండా వ్యాపారులు ఒకరి వెనక ఒకరు ఆ సైకిల్ షాపు మెట్లెక్కడం మొదలుపెట్టారు. వచ్చినవాడల్లా, పేషీ నుంచి బయటికొచ్చిన వకీలు మీరేనా అని అడిగేవాడట. మొదట్లో అది తిట్టనుకుని ఆయన క్షమాపణ చెప్పుకునేవాడు. వాళ్లు ఫైళ్లు బల్ల మీద పెట్టి కూర్చునేసరికి సంగతి తెలిసింది. మామ చెప్పిన జోస్యం ఫలించింది. కొన్నేళ్లకు సైకిల్ షాపు జాగా కూడా వకీలుదే అయింది. కుర్చీ వీపు మీద ఎప్పుడూ ఒక తువ్వాల ఆరేసి ఉండేది. పదులా వందలా అని ముందే అడిగి గానీ గుడ్డ కింద చేయి పెట్టేవాడు కాదు.

మామ పోయిన తరువాత చాలాకాలానికి ఏదో పని మీద పాలమూరు పోయి, వకీలు ఆఫీసులోకి తొంగిచూశాను. జుట్టు నెరిసింది. మాట సగం మావాళ్లలా మారింది. బెంచీల నిండా మనుషులున్నారు. చాయ్ తెప్పించాడు. మామ గురించి చాలా మాట్లాడుకున్నాం, నవ్వుకున్నాం. ఆ ఊపులో, ఇన్నేళ్లుగా నన్ను తొలుస్తున్న మాట అడిగేశాను. సరైన లెక్క టైపు చేసింది మీరే కదా, ఆ ఏడు మామ ఆముదాలు ఎంతకు కొన్నాడు, ఇప్పుడు చెబితే ఎవరికి నష్టం అన్నాను.

ఆయన చాయ్ కప్పు బల్ల మీద పెట్టాడు. నా వైపు కోపంగా ఏమీ చూడలేదు. బల్ల కింద చెప్పులు వెతుక్కుని, వేసుకుని, లేచి వరండాలోకి వెళ్లిపోయాడు. బెంచీల మీదివాళ్లు ఒకరినొకరు చూసుకుని ఆయన వెనకే లేచిపోయారు. గదిలో నేనొక్కణ్నే మిగిలాను. సిగ్గేసింది. దాని వెనకే, మామ అక్కడే ఎక్కడో కూర్చుని ఉన్నట్టు చాలా సంతోషమూ కలిగింది. నా చాయ్ తాగేసి, నేను కూడా చెప్పులు వేసుకుని బయటికి పోయి, వాళ్లతో పాటు వానల గురించి మాట్లాడాను.